ట్యాక్స్ నోటీస్ రాంగనే కట్టెయ్యకుండ్రి, ముందు వీళ్ళకు చూపియ్యుండ్రి (నల్గొండ, 4/5)

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్న, ఒకటి ఎందుకు కోసిన్నో కింద చెప్త. నల్గొండల ఐటీ రిటర్న్ వేసేటోళ్ళు గల్లీకొకరున్నరు, జులై వచ్చిందంటే జిరాక్స్ సెంటర్లోళ్ళు గూడ బోర్డు పెడ్తరు, మూడు వందలిస్తే చాయ్ తాగేలోపు వేసి చేతిల పెడ్తరు. కానీ ఆ రిటర్న్ మీద డిపార్ట్‌మెంట్ నుంచి ఒక కాయితం తిరిగొస్తే, అదేందో కూసోబెట్టి వరుసపెట్టి సదివి చెప్పేటోళ్ళు మాత్రం నాకైతే ఎక్కడ దొర్కలే. నేను చెప్పే ఈ ట్యాక్స్ ఆఫీసోళ్ళు చెప్తరు. నా రివ్యూ ఆ ఒక్క పని గురించే. ఇక్కడ జీఎస్టీ పనులు, ఆడిటింగ్ అన్నీ చేస్తరంట, వాటి సంగతి నాకు తెల్వదు.

ఆఫీసు గడియారం సెంటర్‌కు నడిచే దూరమే, కింద బట్టల దుకాణం, పైన వీళ్ళు. మెట్లు ఇరుకు, లిఫ్ట్ లేదు. లోపల సారు, కంప్యూటర్ మీద ఇద్దరు పిల్లలు, గోడకు పోయినేడు క్యాలెండర్. చూస్తే ఏమంత అనిపియ్యదు, నేను గూడ మెట్లెక్కినంక వెనక్కి పోదామా అనుకున్న.

మా ఆయన గవర్నమెంట్ టీచర్. ఎప్పుడో పెండింగ్ పడ్డ ఇంక్రిమెంట్ల ఏరియర్లు 2023-24ల ఒక్కసారే పడ్డయ్. పడ్డప్పుడు సంతోషమే, కానీ ట్యాక్స్ కాడికి వచ్చేసరికి ఆ ఏడు ఆదాయం 10 లక్షలు దాటిపోయి పాత రెజీమ్‌ల ఆ పై ముక్కకు 30 శాతం పడ్డది. అవే పైసలు ఏ ఏడువి ఆ ఏడు వచ్చి ఉంటే 20 శాతంతోనే పోయేటివి. ఈ తేడా ఉద్యోగి నెత్తిన పడొద్దనే సెక్షన్ 89 రిలీఫ్ పెట్టిండ్రు, ఇది టీచర్లందరికీ తెలిసిందే. ఫిబ్రవరి జీతం బిల్లుతోటి ఐటీ ఫారాలు ఇస్తం కదా, అప్పుడే ఎక్సెల్ షీట్‌ల లెక్క చేసి ఆ రిలీఫ్ అడిగే 10ఈ ఫారం ప్రింట్ తీసి సంతకం పెట్టి డీడీవోకు (జీతం బిల్లులు చేసే ఆఫీసర్‌కు) ఇచ్చేసిండు. డీడీవో దాన్ని లెక్కల తీసుకొని టీడీఎస్ (జీతంల ముందే పట్టుకునే ట్యాక్స్) కోసిండు, ఏడాది జీతం, కోత లెక్క చూపిచ్చే ఫారం 16ల గూడ రిలీఫ్ 14,260 అని పడ్డది. జులైల రిటర్న్ మామూలుగా వేసేటాయన దగ్గరే వేపిచ్చినం. అయిపోయింది అనుకున్నం.

బతుకమ్మ సెలవులల్ల మెసేజ్ వచ్చింది. అసెస్‌మెంట్ ఇయర్ 2024-25 రిటర్న్ ప్రాసెస్ అయింది, 143(1) కింద ఇంటిమేషన్ మెయిల్‌కు పంపినం అని. మెయిల్ తెరిస్తే పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్. పాన్ నెంబర్ చిన్న అక్షరాలల్ల కొట్టి దాని ఎంబడే పుట్టిన తేదీ, నెల, సంవత్సరం కలిపి కొట్టాలె, నడుమ గీతలు చుక్కలు ఏం ఉండొద్దు. అది తెరుసుకున్నంక చూస్తే కట్టాల్సింది 15,970 రూపాయలు, గడువు 30 రోజులు. ఆ గడువు దాటితే నెలకు 1 శాతం మిత్తి వేరే.

ఇంగ మా ఆయనకు అన్నం దిగలే. టీచర్ల వాట్సప్ గ్రూపుల పెట్టిండు, పెట్టంగనే తలా ఒక మాట. ఒకాయన రెక్టిఫికేషన్ వెయ్యి సార్ అన్నడు, ఒకాయన అసలు పట్టించుకోకు వాళ్ళే మర్చిపోతరు అన్నడు, ఇంకొకాయన మన యూనియన్ల చెప్దాం అన్నడు, యూనియన్‌కు, రిటర్న్‌లు ప్రాసెస్ చేసే సీపీసీ బెంగళూరుకు ఏం సంబంధమో నాకైతే తెల్వదు. రిటర్న్ వేసినాయనను అడిగితే "అందరికీ వస్తున్నయ్ మేడం, కట్టేస్తే పోతది" అన్నడు. ఎందుకు కట్టాలె అంటే మాత్రం జవాబు లేదు. మా ఆయన గూడ కట్టేద్దాం పీడ పోతది అనేటట్టే ఉన్నడు. అప్పుడు మా తోటికోడలు ఈ ఆఫీసు పేరు చెప్పింది.

సారు మొదలు అడిగిన మాట "ఎంత కట్టమన్నరు" కాదు, "మొత్తం పీడీఎఫ్ ఉన్నదా, మొదటి పేజీ ఒక్కటేనా" అని. అందరు మొదటి పేజీ ఫోటో కొట్టి తెస్తరంట, అండ్ల కట్టాల్సిన పైసల లెక్క తప్ప ఏం ఉండదు. మా దాంట్ల అన్ని పేజీలు ప్రింట్ తీపిచ్చి టేబుల్ మీద పరిచిండు, పరిచి పిల్లల స్కేలు ఒకటి తీసి అడ్డంగ పెట్టిండు. ఆ కాయితంల రెండు కాలమ్స్ ఉంటయ్, ఎడమ దిక్కు మనం రిటర్న్‌ల చెప్పుకున్నది, కుడి దిక్కు వాళ్ళు లెక్క చేసింది. "మేడం, మీరు రెండు దిక్కులా సదవుండ్రి, ఎక్కడ నెంబర్ మారుతదో అక్కడ ఆపుండ్రి" అని నాకే చెప్పిండు. స్కేలు ఒక్కో లైను కిందికి జరుపుకుంట పోయినం. జీతం సేమ్, స్టాండర్డ్ డిడక్షన్ 50,000 సేమ్, హౌసింగ్ లోన్ మిత్తి సేమ్, 80సీ పొదుపులు 1,50,000 సేమ్, మొత్తం ఆదాయం సేమ్, ట్యాక్స్ సేమ్, సెస్ సేమ్. అట్ల పోంగ పోంగ రిలీఫ్ అండర్ సెక్షన్ 89 అనే లైను కాడ ఎడమకు 14,260, కుడికి సున్నా. స్కేలు అక్కడ ఆపిన.

"ఇదే మీ నోటీస్ మేడం, మిగితా కాయితమంతా దీని ఎనకాల వచ్చిందే" అన్నడు.

నాకు అదే కావాల్సింది. అప్పటిదాంక అందరు ఎంత కట్టాలె, ఎప్పటిలోపు కట్టాలె అన్నరు గని ఏ లైను కాడ తేడా వచ్చిందో ఒక్కరు చెప్పలే.

మరి సున్నా ఎందుకైంది అంటే, డీడీవోకు ఇచ్చిన కాయితం డీడీవో టీడీఎస్ కోసుకునేతందుకే పనికొస్తది, అది బెంగళూరు దాంక పోదు. రిటర్న్‌ల 89 రిలీఫ్ అడగాలంటే 10ఈని ఈ-ఫైలింగ్ పోర్టల్‌ల లాగిన్ అయ్యి వేరేగ సబ్మిట్ చెయ్యాలె, అది గూడ రిటర్న్ కంటే ముందు. మనది పోర్టల్ మీద లేదు కాబట్టి కంప్యూటర్ ఆ లైను కొట్టేసింది. ఫారం 16ల ఉన్నది కదా సార్ అని మా ఆయన అడిగిండు. ఫారం 16ల ఉన్నా సరే, పోర్టల్ మీద 10ఈ లేకుంటే రిలీఫ్ లేదు. జిల్లాల ఎంతమంది టీచర్లు ఇట్ల ప్రింట్ తీసిచ్చి చేతులు దులుపుకుంటున్నరో. ఏరియర్లు పడ్డోళ్ళు ఎవరన్న ఇది సదువుతుంటే, రివ్యూ సంగతి తర్వాత, మీ 10ఈ పోర్టల్ మీద ఉన్నదో లేదో ఇప్పుడే చూసుకోండ్రి.

ఇంకో అనుమానం ఉండె నాకు. తేడా 14,260 అయితే 15,970 ఎందుకు అడుగుతున్నరు? సారు క్యాలిక్యులేటర్ మా దిక్కు తిప్పి చేసి చూపిచ్చిండు. రిలీఫ్ పోయేసరికి ఆ మొత్తం మేము అడ్వాన్స్ ట్యాక్స్‌గ (ఏడు నడుస్తుండంగనే వాయిదాలల్ల) కట్టాల్సింది కట్టనట్టు లెక్కయింది. 234బీ కింద మిత్తి ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాంక 7 నెలలు, నెలకు 1 శాతం, వందల లోపు చిల్లర వదిలేసి 14,200 మీద 994 రూపాయలు. వాయిదాలు తప్పినందుకు 234సీ కింద మిత్తి 715. మూడు కలిపితే 15,969, దాన్ని పదులకు సవరిస్తే 15,970. రూపాయితో సహా కలిసింది. మా ఆయన లెక్కల సారే, అయినా ఆ రోజు నోట మాట లేదు, రెండోసారి ఆయనే వేసి చూసుకున్నడు.

ఇగ ఏం చెయ్యాలె అన్నకాడ ఈ సారు మీద నాకు నమ్మకం ఇంకా పెరిగింది. వాట్సప్‌ల అందరు రెక్టిఫికేషన్, రెక్టిఫికేషన్ అన్నరు కదా, ఈయన వద్దన్నడు. 154 కింద రెక్టిఫికేషన్ అనేది రికార్డుల కనపడే పొరపాటును దిద్దేది, ఇక్కడ సీపీసీ లెక్క తప్పు లేదు, వాళ్ళ రికార్డుల 10ఈ లేదు కాబట్టి సున్నా వేసిండ్రు, 10ఈ తర్వాత వేసి రెక్టిఫికేషన్ పెడితే కొందరిది ఒప్పుకుంటరు కొందరిది తిప్పికొడ్తరు, మీకైతే ఇంకా డిసెంబర్ 31 రాలే, రివైజ్డ్ రిటర్న్‌కు (దిద్ది మళ్ళ వేసే రిటర్న్‌కు) టైమున్నది, మొదలు 10ఈ వేసి ఆ తర్వాత 139(5) కింద రివైజ్డ్ వేద్దాం అన్నడు. ఇంటిమేషన్ వచ్చినంక గూడ రివైజ్డ్ వెయ్యొచ్చన్న సంగతే మాకు తెల్వదు.

10ఈ వేసుడు మామూలు పని కాదు. ఏరియర్లు ఏ సంవత్సరానికి ఎంతెంతో విడగొట్టాలె, ఆయా సంవత్సరాలల్ల అప్పటి ఆదాయం ఎంతో చెప్పాలె, అంటే పాత ఫారం 16లన్నీ కావాలె. ట్రంకు పెట్టెల ఎల్ఐసీ బాండ్ల కింద దొరికినయ్ మావి. ఫారంల అసెస్‌మెంట్ ఇయర్ అడిగేకాడ ఏరియర్లు ఏ ఏడు చేతికొచ్చినయో ఆ లెక్కన 2024-25 పెట్టాలె, అవి ఎప్పటియో ఆ పాత ఇయర్ కాదు. కంప్యూటర్ మీద ఉన్న పిల్ల పాతది పెట్టబోతుంటే సారు కుర్చీల నుంచి లేవకుండనే ఆపిండు. తర్వాత రివైజ్డ్ రిటర్న్, ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై. ఆఖరుకు పోర్టల్‌ల రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్ అనే కాడికి పోయి, డిమాండ్‌కు ఒప్పుకుంటలేము అని, కారణం కింద రివైజ్డ్ రిటర్న్ వేసినమని పెట్టిండు. ఇది చెయ్యకుంటే ఏమైతది అంటే, ఆ డిమాండ్ అట్లనే నిలబడి వచ్చే ఏడు రీఫండ్ ఏమన్న ఉంటే 245 కింద అండ్ల కోసుకుంటరు అని చెప్పిండు. సంక్రాంతి దాటినంక కొత్త ఇంటిమేషన్ వచ్చింది, ఈసారి పాస్‌వర్డ్ నేనే కొట్టిన, స్కేలు నేనే పెట్టిన, రెండు దిక్కులా 14,260. కట్టేదీ లేదు, వచ్చేదీ లేదు.

ఫీజు సంగతి. కాయితం సదివి చెప్పినందుకు 500, 10ఈ, రివైజ్డ్, డిమాండ్ జవాబు అన్నీ కలిపి 1,500. ఎక్కువనేటోళ్ళు ఉంటరు. నాకైతే సదివినందుకు ఇచ్చిన ఆ 500 దగ్గరే పైసలు వసూలైనయ్. ఇంకోటేందంటే ముందు మొత్తం చెప్పి, ఏమేం చెయ్యాల్నో తెల్ల కాయితం మీద రాసిచ్చి, "మీరే చేసుకుంటమంటే చేసుకోండ్రి, లేకపోతే మేం చేస్తం" అన్నడు. చేసుకునే ధైర్యం మాకు లేకపాయె.

అక్కడ కూసుంటే వేరేటోళ్ళవి గూడ చెవుల పడ్తయ్, ఆఫీసు అంత చిన్నది. నోటీస్ అన్నదల్లా ఒకటే రకం కాదని నాకు అక్కడనే అర్థమైంది. మిర్యాలగూడ మిల్లుల పనిచేసే ఒకాయన చెమటలు పట్టి వచ్చిండు, చూస్తే 139(9), రిటర్న్‌ల ఏదో లోపమున్నది 15 రోజులల్ల సరిజెయ్యమని, సారు నవ్వి కూసోమన్నడు. ఇంకొకాయన నిమ్మళంగ, చాయ్ తాగుకుంట, నాదేం లేదు సార్ చిన్న మెసేజ్ అన్నడు, అది చూసి సారు నవ్వుడు ఆపేసిండు, ఎందుకంటే అది 143(2), అంటే స్క్రూటినీ, ఆధారాలన్నీ పెట్టి జవాబు చెప్పుకోవాల్సింది, ఆయనను తనకు తెలిసిన సీఏ దగ్గరకు పంపిండు. తన చేతుల లేనిదాన్ని లేదని చెప్పుడు నాకు నచ్చింది. 143(1)లనే (ఏ) అని ఇంకోటుంటది, అది ఇంకా డిమాండ్ కాదు, మీ రిటర్న్‌ల ఇట్ల మార్చబోతున్నం, మీరేమంటరు అని 30 రోజులు టైమిచ్చి అడుగుడు. దానికి జవాబు ఇయ్యకుంటే మనం ఒప్పుకున్నట్టే అనుకొని మార్చేస్తరు. కాబట్టి మొదలు చూడాల్సింది పైసలు కాదు, సెక్షన్ నెంబరు, తేదీ.

చండూరు దిక్కు బత్తాయి తోట ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ పిలగాడు వచ్చిండు, వ్యవసాయం మీద ట్యాక్స్ లేదు కదన్నా అని లొల్లి పెట్టుకుంట. లేదు, నిజమే, కానీ ఆ ఆదాయం 5,000 దాటితే ఐటీఆర్-1 అనే సులువు రిటర్న్ ఫారం వెయ్యరాదు, ఐటీఆర్-2ల చూపియ్యాలె. బత్తాయి ఒక్క కోతకే 5,000 దాటదా. మన జిల్లాల ఉద్యోగం ప్లస్ తోట ఉన్నోళ్ళు ఎంతమందో, అందరు ఐటీఆర్-1తోనే కానిచ్చేస్తున్నరు.

దొంగ మెసేజ్‌ల గురించి గూడ చెప్పాలె. ఒక ముసలాయన ఫోన్ పట్టుకొని వచ్చిండు, రీఫండ్ ఓకే అయింది లింక్ నొక్కి అకౌంట్ నెంబర్ కొట్టుమని మెసేజ్. సారు ఆయనను ఏం తిట్టకుండ పోర్టల్ తెరిచి, లాగిన్ గూడ కాకుండనే అథెంటికేట్ నోటీస్ అనే లింక్ చూపిచ్చిండు. డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చే ప్రతి కాయితం మీద డిన్ అనే నెంబర్ ఉంటది, 2019 అక్టోబర్ 1 నుంచి అది తప్పనిసరి, ఆ నెంబర్ అక్కడ కొడితే అసలుదో నకిలీదో తెలుస్తది. ముసలాయన మెసేజ్‌ల నెంబరే లేదు. ఫీజు తీసుకోలే ఆయన దగ్గర.

2025ల రిటర్న్ గూడ వీళ్ళ దగ్గరే వేపిచ్చినం, ముందు 10ఈ ఉండాల్నా వద్దా అని వాళ్ళే అడిగిండ్రు. ఆ ఏడు గడువు జులై 31 నుంచి సెప్టెంబర్ 15కు, మళ్ళ 16కు జరిపిండ్రు కదా, అయినా ఆఖరు వారం వరకు జనం తగ్గలే. మేం కూసున్నప్పుడే ఒకాయన వచ్చి, వేరే దగ్గర రీఫండ్ లక్ష తెప్పిస్తున్నరంట, వాళ్ళకు పది శాతం ఇస్తే చాలంట, మీరు ఎంతకు చేస్తరు అని బేరం పెట్టిండు. లేని ఇంటి కిరాయి, ఇయ్యని పార్టీ చందా చూపిచ్చి తెప్పిచ్చే యవ్వారం అది. 2025 జులై 14న ఐటీ డిపార్ట్‌మెంట్ ఇసొంటి ఏజెంట్ల మీదనే దేశమంతా 150 చోట్ల తనిఖీలు చేసింది, పేపర్లల్ల వచ్చింది. సారు గట్టిగనే అన్నడు, "అన్నా, ఆ పది శాతం తీసుకున్నోడు నోటీస్ వచ్చిన్నాడు ఫోన్ ఎత్తడు, అప్పుడు నా దగ్గరకే వస్తవు" అని. ఆయన అలిగి పోయిండు.

ఇగ కోసిన స్టార్ సంగతి. ఫోన్ ఎత్తరు. అసలే ఎత్తరు. మా రివైజ్డ్ ప్రాసెస్ అయిందా అని అడుగుదామంటే రింగై రింగై ఆగిపోతది, పొద్దుగాల పోతే భోజనానికి పోయిండ్రు, సాయంత్రం పోతే రేపు రమ్మంటరు. టోకెన్ సిస్టం లేదు, ముందొచ్చినోళ్ళు ఎవరో ఎనకొచ్చినోళ్ళు ఎవరో తెల్వదు, గట్టిగ మాట్లాడినోళ్ళ పని ముందు అయితది. ఫీజు బోర్డు లేదు, అడిగితే చెప్తరు గని గోడ మీద రాసి పెడితే ఏంబోతది. బండి పెట్టుకునే జాగ లేదు, కింద దుకాణమాయన ముందల పెడితే ఒర్లుతడు, జర దూరంల పెట్టి నడిచి పోవుడే మంచిది. సారుకు కోపం గూడ ఎక్కువే, సదివి చెప్తుంటే నడుమల అడ్డమాట్లాడితే స్కేలు పక్కకు పెట్టేస్తడు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దోళ్ళు ఆ మెట్లు ఎక్కలేరు, పిల్లలను పంపిస్తే కింద కాయితం తీసుకుంటరు, కానీ ఆ సదివి చెప్పుడు మాత్రం పైననే.

సెక్షన్ నెంబర్లు ఇక్కడ ఇన్ని రాసిన కాబట్టి ఒక మాట. 2026 ఏప్రిల్ 1 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం 2025 అమలు, అండ్ల నెంబర్లన్నీ వేరే, అసెస్‌మెంట్ ఇయర్ జాగల ట్యాక్స్ ఇయర్. పాత సంవత్సరాల రిటర్న్‌ల మీద వచ్చేటియి మాత్రం పాత నెంబర్లతోనే వస్తయ్, కాబట్టి ఇంకా కొన్నేళ్ళు ఈ 143లు, 139లు నడుస్తయ్.

పోయేటోళ్ళు పీడీఎఫ్ మొత్తం, వేసిన రిటర్న్ కాపీ, ఫారం 16, 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన ట్యాక్స్ లెక్క) తీసుకొని పోండ్రి. 26ఏఎస్ లేకుంటే వాళ్ళే తీస్తరు గని పాస్‌వర్డ్ గుర్తుండాలె. అన్నిటికంటే ముందు ఆధార్‌కు లింకున్న ఫోన్ మీ జేబుల ఉండాలె. మేం పోయినప్పుడు నకిరేకల్ నుంచి వచ్చిన ఒకాయన నెంబర్ వాళ్ళావిడ ఫోన్‌ల ఉన్నది. ఆయన మెట్ల మీద నిలబడి ఓటీపీ చెప్పవే అని బతిమాలుతుండు, ఆమె ఏమో ఇది ఎవ్వరికీ చెప్పొద్దని ఆ మెసేజ్‌లనే రాసున్నది, నేను చెప్ప అంటున్నది. స్పీకర్‌ల మాకందరికీ వినపడ్తున్నది. రెండుసార్లు ఓటీపీ టైమైపోయింది, సారు గూడ ఫోన్ తీసుకొని అమ్మా నేను ఆఫీసు నుంచి మాట్లాడుతున్న అన్నడు, అంతే, ఆమె ఫోన్ కట్ చేసింది.